తెర కింది అట్ట

ట్యూబ్‌లైటు వచ్చే పొడుగాటి అట్టపెట్టెను సగానికి కోసి, నిలువునా విప్పితే పెద్ద టీవీ అడుగుభాగానికి సరిగ్గా సరిపోతుంది. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఆ అట్ట వెనక ఏముందోనని మూడు వారాల పాటు మెడ సాచి చూసినదాన్ని నేను.

కుప్పంలో నేను నర్సింగ్ చదివిన చోటు చాలా చిన్నది. కింద క్లాసులు, పైన హాస్టలు. అది మూతబడి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడక్కడ కల్యాణ మండపం కట్టారు. నేను చేరింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. ఎవరో దాత ఒక టీవీ, డీవీడీ ప్లేయరు, వాటితో పాటు ఒక డబ్బా నిండా విదేశీ పాఠాల డిస్కులు ఇచ్చిపోయాడు. తెల్ల కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి గుండె బొమ్మ పక్కన నిలబడి, రక్తం ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయేవాడు. ఆయన మాట్లాడుతున్నంత సేపూ తెర అడుగున ఆ మాటలే అక్షరాలై వచ్చేవి.

నేను పుంగనూరులో ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు రాదని కాదు. పుస్తకంలో ఉంటే కూడబలుక్కుని అర్థం చేసుకునేదాన్ని. ఎవరైనా మాట్లాడితే మాత్రం ఎక్స్‌ప్రెస్ బస్సు మా ఊరి బయటి స్టాపులో ఆగకుండా పోయినట్టు మాట పోయేది. చెయ్యి ఎత్తేలోపే దుమ్ము. అక్షరాలు అట్లా కాదు, రెండు క్షణాలైనా ఆగేవి. ఆ రెండు క్షణాల్లో నేను ఎక్కేసేదాన్ని. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ రోజు తెర మీద కంటితో చూసిన మాట రేపు మేడం నోట్లోంచి వస్తే చెవి దాన్ని గుర్తుపట్టేది. కన్ను చెవికి పాఠం చెప్పడం నేను మొదటిసారి చూసింది ఆ మొదటి వారంలోనే. పున్నెం కట్టుకున్నాడు ఆ దాత అనుకున్నాను.

రెండో వారం మేడం వెనక బెంచీలో కూర్చుని మమ్మల్ని గమనించింది. పాఠాలు చెప్పేది ఆమే, హాస్టలు చూసేది ఆమే. చెడ్డ మనిషి కాదు. కానీ ఒక మాట అనుకుందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చుకోదు. టీవీ ఆపి ముందుకొచ్చి, "ఏం, మీరంతా చెవిటోళ్ళా? ఇవి చెవిటోళ్ళ కోసం వేసే అక్షరాలు. నర్సుకు చెవి ముఖ్యం. పేషెంటు మూలిగితే కింద రాసుంటాదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక.

ఆ అక్షరాలు రాకుండా చేసే బొత్తాం రిమోట్‌లో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మేడమ్‌కు అంత ఓపికా లేదు. హాస్టలు ఆయమ్మను పిలిచి, మూల పడి ఉన్న ట్యూబ్‌లైటు పెట్టెను కోయించి, తెర అడుగున అటొక దారం ఇటొక దారం వేసి కట్టించింది. ఆ రోజు నుంచి తెల్లకోటు ఆయన నడుము దాకే కనిపించేవాడు, మాటలు బొత్తిగా కనిపించేవి కావు.

మొదటి పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయాయి. అర్ధసంవత్సరం పరీక్షలో కూడా ఇదే జరిగితే ఇంటికి పంపేస్తామని నోటీసు బోర్డు మీద అంటించారు. ఇల్లంటే మా అమ్మ ఒక్కతే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ రోజూ పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో పోయి, పట్టు దారానికి పురిపెట్టే ట్విస్టింగ్ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చేది. నేను నర్సునైతే ఆ మిషన్ల ముందు నుంచి ఆమెను లేపెయ్యొచ్చని నా ఆశ. ఆ సీటు పోతే అమ్మ ఆ మిషన్ల ముందే ముసలిదైపోతుంది. నాకు ఆ రోజుల్లో వేరే ఆలోచన లేదు.

అందుకని ఒక మధ్యాహ్నం మేడం గది ముందు నిలబడి, లోపలికి పోయి చెప్పేశాను. "మేడం, నాకు చెవులు సరిగ్గా వినపడవు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరికీ చెప్పుకోలేదు."

ఎంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం! మేడం మొహం మెత్తబడిపోయింది. "అయ్యో, ముందే చెప్పకూడదామ్మా" అని నా తల నిమిరింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ అట్ట తానే విప్పింది. "పాపం ఆ పిల్లకు చెవుడు. దాని ఒక్కదాని కోసం అక్షరాలు ఉంచుతాండాను. మిగిలినోళ్ళు చూడొద్దండి, వినండి" అంది. నన్ను ముందు బెంచీలోకి మార్చింది. తాను కూడా ఆ రోజు నుంచి నా కోసం గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది.

కళ్ళెదురుగా అన్నం పెట్టి తినొద్దంటే ఎవరు వింటారు? అందరూ చదివారు. తర్వాతి పరీక్షలో నాకు మార్కులు వచ్చాయి. నాకే కాదు, నా వెనక బెంచీల్లో కూర్చున్న తెలుగు మీడియం పిల్లలందరికీ వచ్చాయి. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు కూడా పెరిగాయి. మేడం పేపర్లు పంచుతూ, "చూశారా, నేను గట్టిగా చెప్పడం మొదలుపెట్టినాక అందరికీ ఎంత బాగా ఎక్కుతాందో" అని తన గొంతును తానే మెచ్చుకుంది. ముందు బెంచీలో ఉన్న నేను నవ్వు ఆపుకోవడానికి పుస్తకంలో తలపెట్టుకున్నాను. ఆ మూడు నెలల్లో నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే.

ఎందుకంటే హాస్టల్లో నాతో అందరికీ అప్పటికే మాటలు తగ్గిపోయాయి.

నా గదిలో కురబలకోట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. గొర్రెలు మేపే ఇంటి పిల్ల. సాయంత్రాలు ఇద్దరం బట్టలు ఉతికే బండ దగ్గర కూర్చుని సబ్బు నురగలో చేతులు పెట్టుకుని గుసగుసలాడుకునేవాళ్ళం. తన మేనత్త కొడుకు గురించి నాకొక్కదానికే చెప్పింది. నాకు చెవుడని తెలిసినాక మొదట్లో జాలిపడింది. రెండు మూడు రోజులు నా దగ్గరికి వంగి గట్టిగా మాట్లాడింది. ఒకసారి ఆ మేనత్త కొడుకు ఉత్తరం రాశాడని చెప్పబోయి, చుట్టూ చూసి, గొంతు పెంచలేక, "ఏం లేదులే" అని చేత్తో చెప్పి ఊరుకుంది. రహస్యం గట్టిగా ఎట్లా చెప్తారు? తర్వాత ఆ ఉత్తరం సంగతి పక్క గది పిల్లకు చెప్తూ కనిపించింది. నాకు రెండు బారల దూరంలోనే చెప్పింది. ప్రతి మాటా విన్నాను. నా బట్టలు నేను ఉతుక్కుని పైకొచ్చేశాను.

అందరూ అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తినేటప్పుడు పక్కన చోటిచ్చేవాళ్ళు. కానీ జోకు అంతా అయిపోయి అందరూ నవ్వుతున్నప్పుడు "ఏమిటి?" అని నేను మొహం పెడితే, "ఏం లేదులే" అనేవాళ్ళు. నాకు అప్పటికే జోకు తెలుసు. నవ్వడానికి వీల్లేదు. నవ్వితే దొంగ దొరికిపోతుంది. నా ఎదురుగానే నా జడ గురించి, నా పాత చెప్పుల గురించి మాట్లాడేవాళ్ళు. "దానికి చెప్పడమంటే చెవిటోడి ముందు శంఖం ఊదడమే" అని ఒకతె అంది, నాకు సాంబారు వడ్డిస్తూ. మెల్లమెల్లగా నేనూ ఒక విద్య నేర్చుకున్నాను. ఎవరేమన్నా ఒక చిరునవ్వు నవ్వి, తల ఊపి, "ఊ, సరే" అనడం. దాంతో ఏ గొడవా ఉండదు. ఏ మాటా సాగదు కూడా.

ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి పుంగనూరుకు ఫోన్ చేసేదాన్ని. మా ఎదురింటి కొట్లో ఫోన్ ఉండేది. కొట్టాయన ఎవరినైనా పంపి పిలిపిస్తే అమ్మ వచ్చి తీసుకునేది. "తిన్న్యావా తల్లీ? బాగుండావా? బాగా సదువుకో. సరే, పెట్టేస్తా" అని ఒకే ఊపిరిలో చెప్పి పెట్టేసేది. కొట్టాయన విసుక్కుంటాడని తొందర పడుతుందనుకునేదాన్ని. ఒక ఆదివారం, "అమ్మా, ఈడ నాతో ఎవురూ మాట్లాడటం లేదు" అని ఏడుస్తూ చెప్పాను. "సరేమ్మా, మంచిది" అని పెట్టేసింది. బూత్‌లో రిసీవరు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

ఒక అబద్ధం కడుపున ఇంకో కష్టం పుడుతుందంటారు. చెవుడు నటించిన మూడో నెలలో బీపీ చూడటం నేర్పించే క్లాసు వచ్చింది. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ స్టెతస్కోపులో మొదటి చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందో పట్టుకోవాలి. మేడం నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. స్టెతస్కోపు నా చేతికి ఇవ్వలేదు. "నువ్వు ఎట్ల వింటావమ్మా? ఇది వినలేనోళ్ళు నర్సు ఎట్ల అవుతారు?" అంది. నిజంగా బాధపడుతూ అంది. మా అమ్మకు ఉత్తరం రాసింది. అమ్మాయిని చెవుల డాక్టరుకు చూపించి సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే సీటు కొనసాగించలేము. దేనికోసం అబద్ధమాడానో అదే చేతిలోంచి జారిపోతోంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి పుంగనూరు చేరేసరికి సాయంత్రమైంది. కొట్టాయన ఉత్తరం గట్టిగా చదివి వినిపించాడట. అమ్మకు చదువు రాదు. నన్ను చూడగానే నా రెండు చెవులూ చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది. "నా వల్లనే తల్లీ, అంతా నా వల్లనే" అంది. చిన్నప్పుడు నాకు చెవిపోటు వస్తే వెల్లుల్లి కాచిన నూనె పోసేది. దాని గురించి అంటోందనుకున్నాను.

ఇంక ఆపుకోలేకపోయాను. అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి సంగటి కెలుకుతోంది. గోడకానుకుని కూర్చుని, ఆమె వీపుకు చెప్పినట్టుగా మొత్తం చెప్పేశాను. నాకు చెవుడు లేదని, అక్షరాల కోసం అబద్ధమాడానని, అట్ట సంగతి, మేడం సంగతి, అన్నీ. భయపడుతూ ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాను. తిడుతుందని, చీపురు తీసుకుంటుందని. అమ్మ సంగటి గిన్నె దించి, ఇటు తిరిగి, నా పెదాలు ఇంకా కదులుతుండటం చూసి, "అట్లనే తల్లీ. రేపు పొద్దున్నే మదనపల్లెకు పోదాం. డాక్టరు సరి సేస్తాడు" అంది.

నమ్మలేదు అనుకున్నాను. లేకపోతే నా మాట లెక్కే లేదు అనుకున్నాను. హాస్టల్లో ఎవరూ నాతో మాట్లాడరు, ఇంట్లో నా మాట ఎవరూ వినరు. సంగటి పళ్ళెం పక్కకు తోసి పడుకున్నాను.

మదనపల్లెలో చెవుల డాక్టరు దగ్గర చిన్న అద్దాల గది ఉండేది. డాక్టరు నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నాడు. ఎత్తకుండా కూర్చోవచ్చు. కూర్చుంటే అబద్ధం నిలుస్తుంది, సీటు పోతుంది. చీమ నడిచినంత చప్పుడుకు కూడా వేలెత్తాను. డాక్టరు నవ్వాడు.

బయటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాం. డాక్టరు తలవంచుకుని రాసుకుంటూ, "ఈ పిల్లకేం కాలేదమ్మా. పాముచెవులు. మందు కూడా అక్కర్లేదు" అన్నాడు.

అమ్మ చిరునవ్వు నవ్వి, తల ఊపి, "అట్లనే సార్. ఎన్ని దినాలు వాడల్ల మందులు?" అంది.

ఆ చిరునవ్వు నాకు తెలుసు. ఆ తల ఊపడం తెలుసు. మూడు నెలలుగా నేను చేస్తున్నది అదే.

డాక్టరు రాయడం ఆపాడు. చేతిలోని కాగితాల కట్ట నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "అమ్మా, నీ పేరేంది?" అన్నాడు. అమ్మ మళ్ళీ నవ్వింది. "అట్లనే సార్" అంది.

ఆయన లేచి, చెయ్యి పట్టుకుని అమ్మను అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్ పెట్టి, వేలెత్తడం ఎట్లాగో సైగతో చూపించాడు. తలుపు సరిగ్గా పడేది కాదు. నేను బయట స్టూలు మీద కూర్చున్నాను. డాక్టరు మీట తిప్పుతున్నాడు, ఇంకా తిప్పుతున్నాడు. అమ్మ వేలు సిద్ధంగా పెట్టుకుని, పరీక్షలో బాగా రాయాలనుకునే పిల్లలాగా ఆయన మొహంలోకే చూస్తోంది. హెడ్‌ఫోన్‌లోంచి 'కూ' మని చప్పుడు బయటికి వచ్చింది. అంత దూరంలో కూర్చున్న నాకు వినిపించింది. అమ్మ వేలు లేవలేదు.

ట్విస్టింగ్ ఫ్యాక్టరీలో చప్పుడుకు ఎవరికీ ఎవరి మాటా వినిపించదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందంటే ఒక సైగ, నీళ్ళు తాగొస్తానంటే ఒక సైగ. ఆ మిషన్ల మధ్య అమ్మకు ఏ లోటూ లేదు. లోటంతా బయటే. పదేళ్ళ పైగా కొంచెం కొంచెంగా పోయిందని డాక్టరు లెక్కగట్టాడు. "మిషన్ల కాడ అందరికీ అట్లనే సార్" అంది అమ్మ, ఆయన గట్టిగా అరిచి అడిగినాక. "సెవుడని తెలిస్తే నలుగురూ నవ్వుతారని సెప్పలేదు. నా సెవుడే బిడ్డకొచ్చినాదేమోనని భయపడితి." ఇంతకాలం మా వీధంతా అమ్మను మెత్తని మనిషి అనేది. ఎవరికీ ఎదురు చెప్పదని, ఏమన్నా "అట్లనే" అంటుందని. నేనూ అదే అనుకున్నాను. కన్నకూతుర్ని, ఒకే గదిలో పడుకుని లేచినదాన్ని, నాకూ తెలియలేదు.

సర్టిఫికెట్‌తో నా సీటు నిలబడింది. మేడమ్‌కు నిజం చెప్పాను.  "అయితే నేను గొంతు చించుకున్నదంతా దేనికి?" అని మాత్రం అడిగింది. వారం రోజులు అట్ట మళ్ళీ కట్టించింది. తర్వాత ఆమే ఒక దారి కనిపెట్టింది. ప్రతి పాఠం మొదట అట్ట లేకుండా ఒకసారి, అట్ట కట్టి ఇంకోసారి. రెండోసారి వేసినప్పుడు తెల్లకోటు ఆయన మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా నా చెవిలో పడ్డాయి. ఆమె చెప్పినట్టు నర్సుకు చెవే ముఖ్యం. నేను చెప్పినట్టు దానికి కన్ను దారి చూపాలి. ఇద్దరిదీ పూర్తిగా తప్పు కాదు. ఇప్పుడు నర్సింగ్ పిల్లలకు నేను పాఠం చెప్పేటప్పుడు కూడా అట్లాగే రెండుసార్లు వేస్తాను.

కురబలకోట అమ్మాయి మాత్రం గది మారిపోయింది. వాళ్ళు నా ఎదురుగా మాట్లాడుకున్నదంతా నేను విన్నానని తెలిశాక, ఇంకెవరూ నా పక్కన కూర్చోలేదు. చెవుడున్నప్పుడు జాలితోనైనా చోటిచ్చారు. చెవులు వచ్చాక అది కూడా పోయింది. నేను చేసుకున్నదే, ఎవరిని అనేది లేదు. మిగిలిన రెండున్నరేళ్ళూ బండ దగ్గర ఒక్కదాన్నే బట్టలు ఉతుక్కున్నాను.

ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు డాక్టరు దగ్గర నుంచి బయటికొచ్చి మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడ్డాం. నా చెవులు బాగున్నాయని మాత్రం అమ్మకు తెలిసింది, మేడం ఆ ఉత్తరం ఎందుకు రాసిందో తెలియలేదు. చెప్పాలి. అమ్మను నా వైపు తిప్పుకుని, మొహంలో మొహం పెట్టి చెప్పాను. అర్థం కాలేదు. గొంతు పెంచాను. ఇంకా పెంచాను. "అబద్ధం సెప్పినానమ్మా! నాకు సెవుడని అందరికీ అబద్ధం సెప్పినా!" అని ఆ బస్టాండంతా వినేలా అరిచాను. టమోటా బుట్టల పక్కన కూర్చున్న వాళ్ళు, కండక్టర్లు, అందరూ తిరిగి చూశారు. నా సిగ్గు అందరికీ వినిపించింది. వినవలసిన మనిషి మాత్రం నా పెదాలను చూసి ఒక్కొక్క మాటే ఏరుకుంటోంది. మాట కింద అక్షరాలు పడితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. పడినా అమ్మ చదవలేదు.

"ఎన్ని దినాలు?" అంది చివరికి.

మూడు వేళ్ళు చూపించాను. "మూడు నెలలు."

తిట్టలేదు. నా వేళ్ళ వైపు చూసింది. తర్వాత నా చెవి వెనక చెదిరిన వెంట్రుకలు సర్ది, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియనట్టుగా అడిగింది.

"ఆ మూడు నెల్లూ ఎవురన్నా మాట్లాడినారామ్మా నీతో?"

లేదని తల ఊపాను.

"మాట్లాడరు" అంది అమ్మ. బస్సు వచ్చిందని సంచి చేతికి తీసుకుంది.